పూల ఆదివారానికి కడిగిన రాయి

ఎమ్లిన్ ముప్పై ఏళ్ళు ఇళ్ళకు రంగులు వేసి బతికినవాడు. ఆ పనివాళ్ళకు ఒక జబ్బుంటుంది, మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అందులోనూ ఆ వేల్స్ కొండల ఊళ్ళో ఈస్టరుకు ముందు వచ్చే పూల ఆదివారం అంటే ఊరు ఊరంతా చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని చర్చి వెనక సమాధుల తోటలో పడుతుంది. తమవాళ్ళ రాళ్ళు కడిగి, పూలు పెట్టకపోతే ముఖం చెల్లదు. వెనకటి రోజుల్లో సున్నం కూడా కొట్టేవారు. అన్ని రాళ్ళూ మెరుస్తుంటే తన కొడుకు ఐవర్ రాయి ఒక్కటే మచ్చలు పడి ఉంటుందని ఎమ్లిన్‌కు తెలుసు. ఊళ్ళోవాళ్ళు చెప్పబట్టే తెలుసు. తనంతట తాను అటు అడుగుపెట్టి నలభై ఏళ్ళు దాటింది.

ఐవర్‌కు అప్పుడు ఆరేళ్ళు. జ్వరమొచ్చింది, మూడో రోజుకు పిల్లవాడు లేడు. వాణ్ణి పూడ్చిన వారానికి ఎమ్లిన్ వంటింటి గుమ్మానికి తెల్ల రంగు వేశాడు. ఆ గుమ్మానికి వాణ్ణి ఆనించి నిలబెట్టి, భార్య నెస్టా ప్రతి పుట్టినరోజుకూ పెన్సిలుతో గీత గీసేది. ఆ గీతల ఎదురుగా కూర్చుని రొట్టె మింగడం అతని వల్ల కాలేదు. ఒక పూతకు గీతలు కనిపిస్తుంటే రెండో పూత కూడా వేశాడు. నెస్టా చూసింది. ఆ తరవాత ఆమె ఆదివారాలన్నీ సమాధుల తోటలోనే గడిచాయి.

అక్కడ ఆమెకు పెద్ద సంసారమే ఉండేది. గడ్డి కోసేవాడితో ఏటా తగువే. "ఆ పసుపు పూలు గింజ రాల్చకముందే కత్తి పెట్టావంటే చూడు, నీ చేతులు విరిచేస్తా!" అనేది. పాత పలకల కింద వెచ్చగా పడుకునే కాళ్ళులేని బల్లులను పాములనుకుని కొట్టొద్దని పిల్లలకు చెప్పేది. ఐవీ తీగల్లో పిట్ట గుడ్లు పొదుగుతుంటే అటు ఎవర్నీ పోనిచ్చేది కాదు. కొడుకు రాయిని మాత్రం ఒక్కనాడూ కడగలేదు. పక్కింటి ఓల్వెన్ నోరు ఊరుకునేది కాదు. "పురుగుకూ పుట్రకూ చేసే సేవలో పిసరంత పిల్లాడి రాయికి చెయ్యకూడదూ!" అని నలుగురిలో అనేది. ఆ మాట ఎమ్లిన్‌కు ముల్లులా గుచ్చుకునేది.

ఈ చలికాలం నెస్టా జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక పట్నంలో చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. అక్కణ్ణుంచి ఒకరోజు ఫోన్ చేసింది.

"పూల ఆదివారానికి వచ్చేస్తా. వాడి దగ్గరికి నాతో వస్తావా?"

మొదట్లో ఏటా అడిగేది. అడిగి అడిగి మానేసింది. ఇన్నేళ్ళకు మళ్ళీ అడిగేసరికి ఎమ్లిన్ కాదనలేకపోయాడు. "వస్తాను" అన్నాడు. బతికినన్నాళ్ళు చేయని పని ఒక్కసారైనా సరిగ్గా చేసి, ఆమె నోట ఒక్క మంచి మాట అనిపించుకోవాలనుకున్నాడు.

శనివారం పొద్దున బకెట్టు, ఇనుప బ్రష్షు, బ్లీచింగ్ సీసా పట్టుకుని వెళ్ళాడు. రాయి నిండా నాచులా పాకే రాతిపువ్వు పట్టి ఉంది, బూడిద రంగుదీ, నల్లదీ, పాలిపోయిన ఆకుపచ్చదీ. పేరు పక్కన మాత్రం నారింజ రంగులో ఒక గుండ్రని బిళ్ళ, అంచులు ముడతలు ముడతలుగా, రాయిని కరుచుకుని ఉంది. మిగతావన్నీ బ్రష్షుకు వచ్చేశాయి. అది రాలేదు.

"అబ్బ, ఇంత గట్టి రంగు నేను కూడా ఎప్పుడూ వెయ్యలేదు" అనుకుంటూ గీకుడు కత్తి తీశాడు.

దారిన పోతున్న ఓల్వెన్ గోడ మీంచి తొంగి చూసింది. "ఓరి దేవుడా, ఎమ్లిన్! ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడయ్యా?"

"నీ నోరు మూయించడానికే పొడిచాడులే."

"నెస్టా చూస్తే పొంగిపోతుంది" అందామె, ఈసారి నిజంగానే మెత్తగా.

మధ్యాహ్నానికి ఆ బిళ్ళ కూడా ఊడి, రాయి తెల్లగా తేలింది. ఐవర్ పేరు అక్షరమక్షరం కనిపించింది. చర్చికి బయల్దేరే ముందు పిల్లవాడికి ముఖం కడిగినట్టే ఉంది. "కడిగాన్రా నాన్నా, రేపు మీ అమ్మొస్తుంది" అన్నాడు ఎమ్లిన్. చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నలభై ఏళ్ళ ఏడుపది.

మరునాడు నెస్టా కర్ర పట్టుకుని, పసుపు డాఫడిల్ పూలు అతని చేతికిచ్చి, తోటలో ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. దారిలో కర్రతో ఒక పలక అంచు ఎత్తి, కింద బల్లులను చూసి, "ఉన్నార్లే, అందరూ కులాసా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎమ్లిన్ గుండె తేలికైంది.

రాయి ముందు ఆమె ఆగిపోయింది. ఆమె చెయ్యి పేరు మీదికి వెళ్ళలేదు, పక్కనున్న ఖాళీ మీదికి వెళ్ళి తడిమింది.

"ఎవరు చేశారు?"

"నేనే. నీకోసం..."

నెస్టా అరవకుండానే చెప్పింది.

"వాడు పోయిన రెండేళ్ళకు ఇక్కడ నారింజ చుక్క పడింది, గుండుసూది తలంత. ఏడాదికి గోరు అంచంత పెరిగేది. వాడి పుట్టినరోజుకు వచ్చి వేలు పెట్టి చూసుకునేదాన్ని. గుమ్మం మీద నువ్వు చెరిపేశావు కదా ఎమ్లిన్. ఇక్కడైతే ఎవరూ చెరపరనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎక్కడ చెప్పను? నువ్వు రాలేదుగా."

చేతిలో పూలు ఎక్కడ పెట్టాలో ఎమ్లిన్‌కు తెలియలేదు. "మళ్ళీ వస్తుందా?" అన్నాడు చివరికి.

"ఎందుకు రాదు? వస్తుంది. అంత అయ్యేసరికి మనం కూడా ఇక్కడే ఉంటాం, కింద."

చుట్టూ జనం పూలు పెట్టుకుంటున్నారు. ఓల్వెన్ దూరం నుంచి చెయ్యి ఊపింది. ఎమ్లిన్ పూలు రాయి కింద పెట్టి, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాడు.

"ఎంతయ్యాడు?"

నెస్టా బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించింది. నిన్న తన చేత్తో గీకేసినవాడే, ఆ బిళ్ళ ఎంతుండేదో అతనికి గుర్తులేదు. ఆమె వేళ్ళకు తన వేళ్ళు ఆనించి కొలత తీసుకున్నాడు.

ఆ రెండు వేళ్ళూ అలాగే పట్టుకుని ఇంటిదారి పట్టాడు. వంటింటి గుమ్మం దగ్గరికి పోయి పెన్సిలు తియ్యాలని ఉంది. దారంతా ఎవరు పలకరించినా ఆ చెయ్యి కదపలేదు. కానీ ముసలి చెయ్యి, వణుకుతూనే ఉంది. ఆ కొలత చర్చి మలుపు దాటకముందే తప్పిపోయిందని అతనికి తెలుసు.

ఇంటి గేటు ముందు ఆగిపోయాడు. ఎడమ చేతిలో నెస్టా సంచి, కుడి చేతిలో ఐవర్. గడియ తియ్యడానికి చెయ్యి లేదు. వెనకాల కర్ర ఊనుకుంటూ వచ్చిన నెస్టా అతని వేళ్ళవంక చూసింది. తనే ముందుకు వచ్చి గడియ తీసింది.