మ్యాట్నీ లోపల

సినిమానా, చర్చినా తేల్చుకో అని సంఘం పెద్దలు నిలదీస్తే మా నాయిన ఏలియా సినిమానే అన్నాడు. అట్లా అమ్మనూ నన్నూ నెక్కొండలో వదిలేసి వరంగల్లు వెళ్లి, మట్టెవాడలో ఒక టాకీసు గేటు దగ్గర పనికి కుదిరాడు. అప్పటికి నేను చిన్నపిల్లను. అరవై రెండులో నాకు పెళ్లి కుదిరింది. చర్చిలో పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పజెప్పాల్సింది తండ్రి. మేనమామ ఉన్నాడుగా, చాలన్నారు అందరూ. నేనే మొండికేసి రైలెక్కాను.

ఆడవాళ్ల గేటు దగ్గర ఉన్నది ఆయనే. జుట్టంతా నెరిసింది. నా మ్యాట్నీ టికెట్టు చింపి, "జర జల్ది పో బిడ్డా, బొమ్మ పడ్డది" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడనుకున్నాను. నా వెనకామెనూ బిడ్డా అనే అన్నాడు. మా వైపు పెద్దవాళ్లు దారినపోయే పిల్లనైనా అట్లాగే పిలుస్తారు. నాదే పిచ్చి.

లోపల చూద్దును కదా, అదీ విడిపోయిన తండ్రీకూతుళ్ల కథే. చివర్లో తండ్రి కూతుర్ని పట్టుకుని బావురుమంటే, బెంచీల మీద ఆడవాళ్లంతా కొంగులు తడుపుకున్నారు. నాకు ఒక్క చుక్క రాలేదు. ఇంత సులువా, అని విసుగేసింది.

జనం వెళ్లిపోయేదాకా ఆగి గేటు దగ్గరికి వచ్చాను.

"నాయినా, నేను ప్రమీలను."

పైనుంచి కిందిదాకా చూశాడు. బావురుమనలేదు. "పెద్దగైనవ్" అన్నాడు.

"బుధవారం నా పెండ్లి. చర్చిల నువ్వే నన్ను అప్పజెప్పాలె."

"మీ అమ్మ రమ్మన్నదా?"

"అమ్మ పోయి రెండేండ్లయితాంది."

గేటు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్పిస్తే రాకపోదునా" అన్నాడు. ఆయనకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నది అమ్మే.

ఫస్ట్ షో గంట మోగింది. జనం మళ్లీ వరసకట్టారు.

"పెండ్లి ఎన్నింటికి?"

"పొద్దుగాల పదింటికి."

కాసేపు లోపల్లోపల ఏదో లెక్కేసుకున్నాడు. "వస్త. ప్యాసింజర్ దొరికితే మ్యాట్నీ లోపల వాపసు రావొచ్చు."

కన్నకూతురి పెళ్లిని రెండు ఆటల మధ్య ఇరికిస్తున్నాడు. నాకు కోపం రావాలి. ఏమీ రాలేదు.

"అన్నానికి ఆగవా?" అన్నాను.

ఎవరిదో టికెట్టు చింపుతూ, నావైపు చూడకుండానే అన్నాడు:

"కట్టియ్యి. రైల్ల తింట."