కాగితం పుల్ల కొసన తెలుపు

బ్యాగులో జగదాంబ ముందు చీరలు పెట్టింది, తరవాత బీపీ మాత్రల డబ్బా, ఆ పైన ఉన్ని శాలువా. నేను మంచం అంచున కూర్చుని చూస్తున్నాను. మే నెల. ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది.

"రెండు నెల్లకి శాలువా ఏటే?" అన్నాను.

"విజీనారంలో వానలు పడతాయి గదక్కా" అంది, నావేపు చూడకుండా.

వానకి ఎవరూ ఉన్ని శాలువా కప్పుకోరు.

జగదాంబ నా తోడికోడలు. పని కోసం జంషెడ్‌పూర్ వచ్చిన అన్నదమ్ములిద్దరినీ చేసుకుని వచ్చినవాళ్ళం. ఇద్దరూ పోయాక, సీతారాండేరాలో రెండు గదుల ఇంట్లో పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. ఇప్పుడు విజయనగరంలో దాని చెల్లెలు టిఫిన్ బడ్డీ పెట్టి, చేతిసాయానికి రమ్మంది. రెండు నెలలే అని చెప్పింది జగదాంబ.

మా అత్తగారి దగ్గర నేర్చుకున్న అలవాటు ఒకటి నాకుంది. ఊరెళ్ళేవాళ్ళ పని ఏదో ఒకటి సగంలో ఉంచాలి. మా ఆయన రూర్కెలా వెళ్ళినప్పుడల్లా ఆయన చొక్కా ఒకటి టైలరు దగ్గర ఉండేట్టు చూసేదాన్ని. తిరిగొచ్చేవాడు. మా తమ్ముడు అప్పలరాజు మాత్రం చెప్పులు కుట్టించుకుని, క్షవరం చేయించుకుని, ఏ పనీ మిగల్చకుండా సూరత్ బండెక్కాడు. ముప్పై రెండేళ్ళయింది. ఉత్తరం ముక్క లేదు. అక్షరాలు నా అంతట నేనే నేర్చుకుని పేపర్లో వైద్యం పేజీ వదలకుండా చదివేదాన్ని, ఇలాంటివి నమ్మకూడదని నాకూ తెలుసు. తెలిసి కూడా, జగదాంబ పని ఏది సగంలో ఉందా అని వారం రోజులు ఇల్లంతా వెతికాను.

ఉన్నది ఒక్కటే. దాని కింది దవడ పన్ను.

సోనారిలో డాక్టరు పద్మశ్రీ ఆ పన్నుకి రూట్ కెనాల్ మొదలుపెట్టింది. మన తెలుగు పిల్లే, కానీ సగం హిందీలోనే జవాబిస్తుంది. చీము తగ్గడానికి వేరు లోపలి గొట్టాల్లో తెల్లటి మందు నింపి, పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టింది. రెండు వారాలాగి ఆ మందంతా కడిగేసి, శాశ్వతంగా మూసెయ్యాలి. కడిగే రోజూ ప్రయాణం రోజూ ఒకటే అయ్యాయి. బ్యాగుతోనే ఆటో ఎక్కాం.

జగదాంబ నోటికి నీలం రబ్బరు గుడ్డ బిగించి, దాంట్లోంచి ఆ పన్ను ఒక్కటే పైకి తీసింది డాక్టరు. సిరంజితో మందునీళ్ళు పోసింది, పీల్చింది, మళ్ళీ పోసింది. గదంతా బ్లీచింగ్ వాసన. తరవాత సన్నటి కాగితం పుల్ల లోపలికి దింపి, తీసి, నాకు చూపించింది. కొసన తెల్లగా ఉంది.

"దేఖియే ఆంటీ, మందు ఇంకా ఉంది."

జుయ్యిమని వణికే సూదిలాంటిది పెట్టి నీళ్ళను కదిపింది. మళ్ళీ కాగితం పుల్ల. మళ్ళీ తెలుపు, కాస్త తక్కువ. గోడ గడియారం పదకొండుంబావు. బ్యాగు జిప్పు తీస్తున్నాను, వేస్తున్నాను.

"కొసన గొట్టం వంకరగా ఉంది. ఇంకో అరగంట కడిగితే హో జాయేగా. కొంచెం మిగిలినా పైన నింపేది గోడకి సరిగ్గా అంటదు."

"లేపోతే?" అన్నాను.

"లేకపోతే మళ్ళీ మందే పెట్టి మూసేస్తా. కానీ నెలలోపు వచ్చి తీరాలి. ఎక్కువ రోజులుంటే వేరు పెళుసైపోతుంది. బండి ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి" అన్నాను.

బండి రెండున్నరకి.

రబ్బరు గుడ్డ వెనక జగదాంబ "ఊఁ, ఊఁ" అని చెయ్యెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి నొక్కాను.

"భయపడతంది" అన్నాను.

"అరే, పహలే బోల్నా థా నా, ఆంటీ!" అని, ముందే చెప్పనందుకు విసుక్కుంటూ డాక్టరు గబగబా మందు నింపి మూసేసింది.

గుడ్డ తీశాక జగదాంబ నన్ను చూసింది. బయటి మనిషి ముందు నా పరువు తియ్యలేదు. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక, పంటికి పొడిచిన మత్తు ఇంజెక్షనుకి పక్కకి జారే నోటితో అడిగింది.

"బండి రెండున్నరకి గదక్కా?"

"మర్చిపోయేను."

"టిక్కెట్టు రోజుకి నాలుగుసార్లు సదివేవు. ఊళ్ళో గోడల మీద రాతలు కూడా వదలవు, నువ్వా మర్చిపోయేది? నా నోరు కట్టేసున్నప్పుడు నా చెయ్యి నొక్కేసేవు."

"నువ్వు తిరిగి రావాలనే."

"రమ్మని అడగొచ్చు గదా. పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఏదైనా నోరిప్పి అడిగేవా నువ్వు?"

"ఇప్పుడడుగుతున్నా. వత్తావా?"

"వత్తాన్లే. నీ తెల్లమందు నా నోట్లోనే ఉంది గదా, ఎక్కడికి పోతాను" అని నవ్వబోయింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

రోజూ సాయంత్రం ఫోన్ చేశాను. పన్నెలాగుందే అంటే బాగుందనేది. ఎప్పుడొస్తావంటే, బడ్డీ వదిలి ఎలా వచ్చేదక్కా అనేది. జూన్ చివర డాక్టరు పద్మశ్రీ కూడా నాకు ఫోన్ చేసింది. జగదాంబ ఆంటీ ఎక్కడ, ఆ మందు తీసెయ్యాలి, ఇక్కడికి రాలేకపోతే అక్కడే ఎవరి దగ్గరైనా తీయించమనండి అంది. చెబుతానన్నాను. అక్కడే కడిగించేసుకోవే అన్న మాట ప్రతి సాయంత్రం నాలిక దాకా వచ్చేది. పన్నెలాగుంది అని మాత్రం అడిగి పెట్టేసేదాన్ని.

జూలైలో పైన సిమెంటు ఊడింది. నాకు చెప్పలేదు. తరవాత ఒక పొద్దున్న శనగలు నములుతుంటే పన్ను నిలువునా చీలింది. విజయనగరంలోనే పీకించేసుకుంది.

"ఇంక కడగడానికేటీ లేదక్కా" అంది ఫోన్లో. కోపంగా అనలేదు. వెనక ఎవరో ఇడ్లీలు అడుగుతున్నారు.

జగదాంబ 2023 మే 17న టాటానగర్‌లో బండెక్కింది. తిరిగి రాలేదు.