ఓటు అయ్యేదాకా

"అంచులు మాడకుండా చూడు, మామయ్యకి మాడు వాసన పడదు," అన్నాడు మా ఆయన గారెట్, ఓవెన్ తలుపు తెరిచి చూస్తూ. చూశాడు గానీ మూయలేదు. నేనే వంగి మూశాను.

ఏటా వసంతంలో ఇదే వరస. రాష్ట్ర బడ్జెట్ మీద ఓటు పడే వారం, మా పిల్లల సెంటర్లలో పనిచేసే ఆడవాళ్లం రాజధానికి వెళ్తాం. ఒక్కో సభ్యుడి బల్ల మీద పీకాన్ గింజలతో చేసిన తీపి వంటకం, ఒక్కో 'పై' పెట్టి, నవ్వుతూ, 'మా పద్దు మర్చిపోకండి సార్' అని చెప్పి వస్తాం. పిండి మాది, పీకాన్లు మావి, పోయే సెలవు కూడా మాదే. చెప్పుకోలేని ఘోరాలు జరిగిన పిల్లలు పోలీసుల దగ్గరోసారి, ఆస్పత్రిలో ఓసారి, కోర్టులో ఓసారి అదే గోడు వెళ్లబోసుకోకుండా, మెత్తటి సోఫా ఉన్న గదిలో ఒక్కసారి చెప్పుకునే చోటు మా సెంటరు. ఆ గదిలో వాళ్ల ఎదురుగా కూర్చునేది నేను. ఆ గదికి కరెంటు ఉండాలంటే ఏటా బతిమాలాలి. రోడ్లు వేసే కాంట్రాక్టర్లు రాజధానికి పైలు మోసుకెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

మా రాష్ట్రంలో పెళ్లి లైసెన్సుకు కట్టే రుసుములో కొంత కూడా ఈ సెంటర్లకే వస్తుంది. గారెట్ నన్ను చేసుకున్నప్పుడు కట్టినదీ వచ్చే ఉంటుంది. అదెంతకాలం సరిపోతుంది? మిగతాదంతా శాసనసభ దయ. మా వైపు దయ అంటే సెనేటర్ రాయిస్, గారెట్‌కి సొంత మేనమామ. బడ్జెట్ కమిటీ ఆయన గుప్పిట్లో ఉంది. నేను పరీక్షలు రాసి, శిక్షణ తీసుకుని ఈ ఉద్యోగం సంపాదించినా, మా అత్తగారు వెర్నా చర్చి విందుల్లో అందరికీ చెప్పే మాట ఒక్కటే: "మా తమ్ముడు పెట్టిన భిక్ష కదమ్మా. మా నోలా చేసేదేముంది, ఏడ్చే పిల్లల్ని బొమ్మలతో ఆడించడమే కదా." ఆ మాట అంటూనే నా చేతికి అంట్ల గిన్నె అందిస్తుంది. తీసుకోకుండా ఎప్పుడైనా ఉన్నానా? లేదు.

బొమ్మలతో ఆడించడమట! నా పనిలో అన్నిటికన్నా కష్టం నోరు మూసుకోవడం. పిల్లల నోట్లో మన మాట పెట్టకూడదు. 'ఆయన కొట్టాడు కదూ' అని అడిగామా, కోర్టులో ఆ కేసు అక్కడితో సరి. 'తర్వాత ఏమైంది?' అని అడిగి ఆగాలి. ఎంతసేపైనా ఆగాలి. ఇంట్లో మాత్రం నన్నెవరూ అలా అడగరు. 'నీకు ఇష్టమే కదా', 'నీకేం కోపం రాలేదు కదా', 'నువ్వు ఒప్పుకున్నావు కదా' అంటారు. జవాబు వాళ్లే తెచ్చుకుంటారు, నేను తల ఊపితే చాలు. పెళ్లైన దగ్గర్నుంచీ ఊపుతూనే ఉన్నాను.

ఆ సోమవారం జోసీ కేసు వచ్చింది. ఏడేళ్ల పిల్ల. తల్లి డీనా సరస్సు ఒడ్డున ఉన్న విడిది కేబిన్లు శుభ్రం చేస్తుంది. ఆవిడ పని చేసుకుంటుంటే పిల్ల వసారాలో ఆడుకునేది. రాయిస్ మామయ్య కేబిన్‌కి మాత్రం ఇక రానని స్కూల్లో టీచరు ముందు ఏడ్చిందట. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. బంధువుల ప్రసక్తి ఉన్న కేసు మేం ముట్టుకోకూడదు, వెంటనే పక్క కౌంటీ సెంటరుకి పంపాలి. అదే చెప్పాను మా డైరెక్టర్ మాక్సీన్‌కి. ఆవిడ లేచి గది తలుపు మూసింది.

"పంపుదాం అమ్మాయ్. ఎవరు కాదన్నారు? ఓటు అయిపోనీ. వచ్చే వారం పంపుదాం."

"ఈలోగా ఆ పిల్ల మనసు మారితే? వాళ్లమ్మని ఎవరైనా బెదిరిస్తే?"

"ఈ సెంటరు మూతపడితే ఎంతమంది పిల్లలు నోరు మూసుకుంటారో అది కూడా ఆలోచించు. కూర్చున్న కొమ్మ నరుక్కుంటావా?"

మాక్సీన్ చెడ్డమనిషి కాదు. ఆ సెంటర్ని చేతుల మీద పెంచింది. అందుకే ఆ మాట విని నాకు మరీ భయమేసింది.

ఇంట్లో ఈ సంగతి నేను ఎత్తలేదు. కేసుల గురించి నేనెప్పుడూ నోరు విప్పను. కానీ ఆ సాయంత్రం మూడో పై ఓవెన్లో పెడుతుంటే గారెట్ కౌంటరుకి ఆనుకుని, పీకాన్లు నోట్లో వేసుకుంటూ అన్నాడు.

"ఆ పనిమనిషి కూతురి గొడవ వచ్చే వారానికి పెట్టుకోవచ్చుగా. తొందరేముంది?"

"నీకెవరు చెప్పారు?"

"ఊళ్లో ఏది దాగుతుంది? చిన్నపిల్ల, ఏదో కల కని ఉంటుంది. అవునా? మామయ్య పేరు బజార్న పడితే నీ సెంటరుకి పైసా రాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు నోలా. నువ్వలాంటిదానివి కాదు కదా."

నేను తల ఊపలేదు. ఊపలేదని అతను గమనించాడు. నమలడం ఆపేశాడు. అతని ముఖంలోకి చూడాలంటే మొదటిసారి భయమేసింది. మామయ్యే చెప్పి పంపించి ఉంటాడనుకున్నాను. ఎనిమిది పదుల వయసుకు దగ్గరైన ఆ మనిషి చేతిని ప్రతి క్రిస్మస్‌కీ నేను ముద్దు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పైలన్నీ మాక్సీన్ వ్యానులో పెట్టాను గానీ, నేను మాత్రం ఎక్కలేదు.

"జోసీ కాగితాలు పక్క కౌంటీకి పంపేశాను. శిశు సంక్షేమ శాఖ ఆవిడకి ఫోన్ చేశాను. తల్లీ కూతుళ్లు ఈపాటికి బయల్దేరి ఉంటారు," అన్నాను.

మాక్సీన్ స్టీరింగ్ మీద తల ఆనించింది. "మనల్ని ముంచావు కదే," అంది. తిట్టినట్టు లేదు, ఏడ్చినట్టుంది. వ్యాను కదిలి వెళ్లిపోయింది.

పక్క కౌంటీ సెంటరుకి కారు నడిపింది నేనే అయినా దారంతా ఏం చూశానో నాకు గుర్తులేదు. జోసీని కూర్చోబెట్టిన గదిలోకి నన్ను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. డీనా నా పక్క కుర్చీలోనే కూర్చుంది. ఆవిడ చేతులకి ఇంకా బ్లీచింగ్ వాసన.

"ఆయన మీకు ఏమవుతారమ్మా?" అని అడిగింది.

"మా ఆయన మేనమామ," అన్నాను.

డీనా నా వైపు వింతగా చూసింది. ఏదో చెప్పబోయి, తలుపు వైపు చూసి ఊరుకుంది. లోపల చాలాసేపు పట్టింది. అంతసేపు పట్టిందంటే పిల్ల మాట్లాడుతోందని అర్థం.

తలుపు తీసుకుని, ఆ సెంటర్లో నా పనే చేసే ఐలీన్ బయటికొచ్చింది. మేమిద్దరం ఒకేచోట శిక్షణ తీసుకున్నాం. పిల్లలేం చెప్పినా ముఖంలో కనపడనీయకూడదని నేర్చుకున్నవాళ్లం. ఆమె ముఖంలో కనపడింది. నన్ను వరండాలోకి తీసుకెళ్లి రెండు భుజాలూ పట్టుకుంది.

"నేనేం చెప్పకూడదు, నీకు తెలుసు."

"తెలుసు."

"నోలా, నువ్వు ఇవాళ ఇంటికి వెళ్లకు."

రాయిస్ మామయ్య ఉండేది రాజధానిలో. ఆ కేబిన్ కప్పు బాగుచేసేదీ, పడవకి రంగు వేసేదీ, చేపలకని వెళ్లి శని, ఆదివారాలు అక్కడే పడుకునేదీ గారెట్.

ఎవరని నేను అడగలేదు. ఆమె చెప్పకూడదు.

"లోపల పోలీసావిడ ఉందా?" అన్నాను.

"ఉంది."

"ఆ పిల్ల వెళ్లాక నన్ను కూర్చోబెట్టమను. అతను ఏ వారం అక్కడ పడుకున్నాడో, ఏ ఆదివారం బట్టలు తనే ఉతుక్కున్నాడో అన్నీ చెబుతాను."