నాలుగో బూర

నేను ఒక మైకు బూరను. పెళ్లి పందిట్లోనో, ఎన్నికల రిక్షా మీదో మీరు నన్ను చూసే ఉంటారు. చూడకపోయినా, నా ధాటికి చెవులైనా మూసుకుని ఉంటారు. వేల పాటలు ఊళ్లూళ్లు వినేలా పాడాను గానీ, నాదంటూ ఒక్క మాట మాట్లాడి ఎరగను. కాబట్టి ఇప్పుడు కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమీ అనుకోకండి.

బెజవాడలో ఓ రేకుల షెడ్డులో సత్తు రేకును గిర్రున తిప్పుతూ, కర్రతో ఒత్తి ఒత్తి నన్ను ఉమ్మెత్త పువ్వులా విప్పారు. నాతో పాటు ఇంకో ముగ్గురు పుట్టారు. నలుగురినీ గోనెసంచుల్లో చుట్టి, బస్సు మీద వేయించుకుని, గోదావరి కాలవ గట్టున ఉన్న పెదపాలేనికి తెచ్చుకున్నవాడు పేర్రాజు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. తల్లి లేదు. తండ్రి వీరాస్వామి, చెల్లెలు వరాలు, ఒక రికార్డు ప్లేయరు, మేం నలుగురం. అదీ అతని సంసారం.

పేర్రాజు మొదట్లో రికార్డులన్నీ సినిమా పేర్ల వరసన సర్దుకున్నాడు. వరాలు అది చూసి పకపకా నవ్వింది.

"సినిమా పేరు ఎవడిక్కావాలన్నయ్యా? పెళ్లింట్లో ఏ పొద్దుకి ఏ పాట అన్నది గానీ!"

చెక్కపెట్టె ముందేసుకుని, అట్టముక్కలు అడ్డంపెట్టి అరలు చేసింది. ఒక్కో అట్ట మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసింది. దేవుడి పాటలు తెల్లవారుజాముకి. సరసాల పాటలు మంగళస్నానాలకి. పెళ్లికొడుకు అలకపాన్పు ఎక్కితే అలక పాటలు. భోజనాలకి హుషారు పాటలు. అవి పడితే వంటవాళ్ల గరిటె కూడా తాళంలో తిరుగుతుందని ఆమె నమ్మకం. నిజంగానే తిరిగేది. నేను ఎన్ని పందిళ్లలో చూశానో! పడవ పాట రాగానే బూరెలు వేసే ముసలాయన కళ్లు మూసుకుని, "ఏవయ్యా మైకూ, మళ్లీ ఓసారెయ్యవయ్యా" అనేవాడు. ఈలోగా బూరెలు మాడేవి. తిట్లు మాత్రం పేర్రాజుకి పడేవి.

ఎటూ చెందని పాటలు కొన్ని మిగిలాయి. ఎదురుచూపుల పాటలు, విడిపోయినవాళ్ల పాటలు, వెన్నెల్లో ఒంటరిగా పాడుకునే పాటలు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే అవి ఎవరు వెయ్యనిస్తారు? వరాలు వాటిని చివరి అరలో పెట్టి 'మనవి' అని రాసింది. పని లేని మధ్యాహ్నాలు అన్నాచెల్లెళ్లు నన్నొక్కణ్నే షెడ్డులో తగిలించుకుని, గొంతు బాగా తగ్గించి, వాటిని వినేవాళ్లు. వింటూ వేరుశెనక్కాయలు వలుచుకునేవాళ్లు. నా జన్మలో నాకు బాగా నచ్చిన రోజులు అవే.

అప్పగింతల పాట ఒక్కదానికి మాత్రం విడిగా ఓ అర. పెళ్లికూతురు గుమ్మం దాటి బండెక్కేటప్పుడు వేసే పాట అది.

"నా పెళ్లికి ఇది నువ్వే ఎయ్యాలి," అంది వరాలు ఓ రోజు. "నేనేడుత్తాను. నువ్వు ఏడవకూడదు. చెయ్యొణికితే రికార్డు మీంచి ముల్లు జారుద్ది."

"నిన్ను పంపేత్తే గదా ఏడవడానికి," అన్నాడు పేర్రాజు.

పంపే పని పడలేదు. కాలవ అవతల చింతలంకలో బియ్యం మిల్లు ఇంజను తిప్పే దేవసహాయాన్ని ఇష్టపడి, వరాలు ఓ మధ్యాహ్నం పడవెక్కి వెళ్లిపోయింది. చర్చిలో పెళ్లి చేసుకుందని సాయంత్రానికి కబురొచ్చింది. ఆ పూట మేం నలుగురం పక్కూళ్లో ఎవరి కూతురినో సాగనంపుతున్నాం. పేర్రాజు ముల్లు దించుతున్నాడు, ఆ తల్లీబిడ్డలు ఏడుస్తున్నారు, అతను ఎప్పట్లాగే తలకాయ ఊపుతున్నాడు. సొంత చెల్లెలు పాట లేకుండా వెళ్లిపోయిందని అతనికి అప్పటికి తెలియదు.

వీరాస్వామి కొడుకు చేత చనిపోయిన భార్య పటం మీద చెయ్యి వేయించాడు. "దాని గడప తొక్కకూడదు. దాంతో మాటాడకూడదు. ఒట్టెయ్యి." పేర్రాజు వేశాడు. తండ్రి మాటకి ఎదురు చెప్పే రకం కాదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆ ఒట్టును తిరగేసి మరగేసి ఆలోచించుకున్నట్టున్నాడు. అందులో పాట ఊసు లేదు.

అప్పట్నుంచి ఏ ఊళ్లో పెళ్లయినా ఒకటే వరస. అప్పగింతల వేళ కాగానే పేర్రాజు నిచ్చెనేసుకుని నన్ను కట్టిన గడ ఎక్కేవాడు. మిగతా మూడు బూరలూ వీధుల వైపు ఉంటే, నా మెడ పట్టుకుని చింతలంక వైపు తిప్పేవాడు. దిగొచ్చి ముల్లు దించేవాడు. నేను ఎవరూ లేని పొలాల మీదుగా, కాలవ మీదుగా, గొంతు చించుకుని పాడేవాడిని. అటు ఎవరైనా విన్నారో లేదో నాకూ తెలియదు, అతనికీ తెలియదు. పాట అయిపోయాక ఆ దిక్కుకే చూస్తూ కాసేపు నిలబడేవాడు. అతన్ని చూస్తే నాకు జాలేసేది.

ఓ పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ గడ కింద నిలబడి రంకెలేశాడు.

"ఏవయ్యోయ్, ఆ బూర మా విడిదికేసి కదా కట్టావు? పొలాలకేసి ఊదుతుందేంటి? మేం మనుషుల్లా కనపడ్డంలేదా?"

"గాలికి తిరిగిపోయిందండి," అన్నాడు పేర్రాజు.

"గాలికా? ఆకు కదలట్లేదు కదయ్యా!"

"పైన ఉంటదండి గాలి."

ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు. పందొమ్మిదేళ్లపాటు అన్ని నిందలూ గాలి మీద వేశాడు. వీరాస్వామి పోయాడు. ఒట్టు మాత్రం పోలేదు. చచ్చిపోయినవాళ్లకిచ్చిన మాట కోసం బతికున్నవాళ్లతో మాట్లాడకపోవడం మనుషులకి గొప్పగా ఉంటుంది కాబోలు. మా రేకులకి అర్థం కాదు.

ఒక రోజు పొద్దున్నే షెడ్డు ముందు సైకిలు దిగినవాణ్ని చూసి పేర్రాజు నిలబడిపోయాడు. తల నెరిసిన దేవసహాయం.

"మా పెద్దమ్మాయి పెళ్లండి, శనివారం," అన్నాడు అతను తల దించుకుని. "మైకు మీదే పెట్టాలంది మా ఆవిడ. మైకు పందిట్లోనే కదా ఉంటది, గడప తొక్కక్కర్లేదు అని కూడా చెప్పమంది."

దేవసహాయంతో మాట్లాడకూడదని ఒట్టులో లేదు. "వత్తానని చెప్పండి," అన్నాడు పేర్రాజు. అతను వెళ్లాక పెట్టె తీసి, ఏ అరలోనూ ఏసు పాటలు లేవని కంగారుపడి, రాజమండ్రి బస్సెక్కాడు. కొత్త రికార్డులు తెచ్చి, కొత్త అట్టముక్క కోసి పేరు రాశాడు. వరాలు గుండ్రటి అక్షరాల పక్కన అతని రాత కోడి గెలికినట్టుంది.

శనివారం చింతలంకలో పొద్దుట్నుంచీ పాటలు వరస తప్పకుండా నడిచాయి. చర్చి నుంచి వచ్చేవాళ్లకి కొత్త పాటలు. భోజనాలకి పాత హుషారు పాటలు. ముసలివాళ్లు తినడం మానేసి తలలూపారు. పేర్రాజు పందిరి మూల తలెత్తకుండా కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా పెళ్లికూతురు అరుగు దిగింది. అప్పుడు వరాలు వచ్చి అతని ముందు నిలబడింది. పలచబడ్డ జుట్టు, చేతిలో కాఫీ గ్లాసు. నేను పైనుంచి ఆమెను పందొమ్మిదేళ్ల తర్వాత చూశాను.

"అన్నయ్యా," అంది. "పెళ్లిళ్ల రోజులొత్తే పొయ్యి మీద పాలు దించేసి పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పాట ఇనపడేది. ఈయనేమో, గాలివాటుకి వత్తందే పిచ్చిదానా అనేవోడు. సరిగ్గా అప్పగింతల పాటకే గాలి ఇటు తిరుగుద్దా? పందొమ్మిదేళ్లూ?"

పేర్రాజు గ్లాసు అందుకుని పక్కన పెట్టి, నిచ్చెనేసుకుని గడ ఎక్కాడు. నన్ను పొలాల వైపు తిప్పలేదు, వీధి వైపూ తిప్పలేదు. మెడ వంచి కిందికి, ఆమె నిలబడ్డ చోటుకి తిప్పాడు. దిగి, ముల్లు దించాడు. అతని చెయ్యి వణకలేదు.

అంత దగ్గర్నుంచి నేను ఎవరికీ పాడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు మూసుకుని "తిప్పండయ్యా ఆ బూర!" అని గోల పెట్టారు. వరాలు కదల్లేదు. బండెక్కుతున్న కూతురికి ఒక చేత్తో వీడ్కోలు చెబుతూ, మొహం నా వైపు ఎత్తి ఏడ్చింది. తన అప్పగింతలు ఇన్నాళ్లకి జరిగాయి. పాట అయ్యాక చూస్తే కాఫీ గ్లాసు ఖాళీగా ఉంది.

తర్వాత పెట్టెల స్పీకర్లు వచ్చాయి, బూరలు వద్దన్నారు. పేర్రాజు మిగతా ముగ్గురినీ పాత ఇనుం కొట్టుకి వేసి, నన్నూ ఆ రికార్డుల పెట్టెనూ దేవసహాయం సైకిలు మీద కట్టి పంపాడు. ఆ తర్వాత రెండేళ్లకు పోయాడు. ఆఖరిదాకా చెల్లెలితో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇప్పుడు నేను వరాలు పెరట్లో గుంజకి తగిలించి ఉన్నాను. మొహం పెదపాలెం వైపు. నా వెనక శబ్దం పుట్టించే యూనిట్ లేదు, తీగ లేదు. రికార్డులు తిప్పే యంత్రం లేక 'మనవి' అర అలాగే పెట్టెలో ఉండిపోయింది. పడమటి గాలి వచ్చినప్పుడు నా గొంతులోంచి సన్నగా ఒక కూని రాగం వస్తుంది. అది వినగానే వరాలు పొయ్యి మీద పాలు దించేసి పెరట్లోకి వస్తుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ కాలవ అవతలికి చూస్తూ నిలబడుతుంది.

ఆమెకి చెప్పాలని ఉంది, నాకు మాటలు రావు. ఇప్పుడు మాత్రం అది నిజంగా గాలే.