నూనె బట్టీ కోడలు

కోడలు బట్టీ నుంచి ఇంటికొచ్చే వేళకి అత్తగారు ముక్కు మూసుకుని సిద్ధంగా ఉంటుంది. నిమ్మగడ్డిని రాగి కాగులో కుక్కి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లటి గొట్టంలోంచి దించి, నీళ్ల మీద తేలిన నూనెను తీయడం కోడలి పని. ఏళ్ల తరబడి అదే చేస్తే నూనె ఒంట్లోకి ఇంకిపోయింది. ఆమె ఉన్న గదిలో ఏదీ కుళ్లదు, ఏదీ పులవదు. మిగిలిన కూరలు ఇరుగుపొరుగు వాళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి, మర్నాడు గిన్నెలు పట్టుకుపోతారు.

అత్తగారికి మాత్రం అదో దరిద్రం.

"పాలు తోడుకోని కొంప కూడా ఒక కొంపేనా? పుల్ల పెరుగు లేకుండా నాకు ముద్ద దిగుతుందా?" అంటూ మంచాన్నీ పెరుగు గిన్నెనీ పెరటి గదిలోకి మార్పించుకుంది. అక్కడ పెరుగు గడ్డలా తోడుకుంది. ఆవిడ తానే గెలిచాననుకుంది.

చక్కెర జబ్బు మనిషి. అదే గదిలో ఆవిడ కాలి మీద చిన్న గీరుడు పుండై, చీము పట్టింది. డాక్టరు చూసి, "ఎల్లుండికి తగ్గకపోతే మోకాలి కింద తీసెయ్యాలి" అన్నాడు.

కొడుకు బతిమాలాడు. "అమ్మా, తనని నీ దగ్గర కూర్చోనీ."

"ఆ గడ్డి కంపులోనా? కాలు పోతే పోనీ."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. చీముకి ఆ సంగతి తెలియదు. ఆవిడకి లోపల ప్రాణాలు పోతున్నంత భయంగా ఉంది.

కోడలు ఎవరినీ అడగలేదు. పనికి సెలవు పెట్టి, మంచం పక్కన పీట వేసుకుంది.

"మీ మీద ప్రేమ పొంగి కాదు అత్తయ్యా. కాలు పోతే మీకు చాకిరీ చెయ్యాల్సింది నేనే."

"దీని నోరు చూడు" అని అత్తగారు గోడవైపు తిరిగింది. పొమ్మని మాత్రం అనలేదు.

డాక్టరు మళ్లీ వచ్చి కట్టు విప్పాడు. వాసన చూశాడు. చీము ఆరిపోయింది, పుండు అంచుల్లో ఎర్రటి కొత్త చర్మం వస్తోంది. "కాలికి భయం లేదు" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

కోడలు లేచింది. "బట్టీకి వెళ్లొస్తానండి."

అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"పుండు మానేదాకా ఎక్కడికీ కదలకు. నీ మొహం నేనెలాగూ చూడను" అంది గోడకేసి. పట్టుకున్న చెయ్యి సాయంత్రమైనా వదల్లేదు.