అరికాళ్ళకు తెలిసింది

చెక్క చల్లగా ఉంది.

గాలిలో చలి విరిగింది. ఎండ భుజాల మీద పడి కాస్త చురుక్కుమంటోంది కూడా. పడవ అడుగున మాత్రం చలికాలం ఇంకా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. చెప్పులు విప్పి పాదం మోపగానే ఆమెకు వెన్ను దాకా జివ్వుమంది.

"పూర్తిగా ఆనించు," అన్నాడు భర్త. "వేళ్ళ మీద కాదు. మడమతో సహా."

ఆనించింది.

ఇది ఈ ఇంటి పద్ధతి. సరస్సు మీద పొగమంచు పొద్దున్నే తేలిపోవడం మొదలయ్యాక, స్వెటర్ లేకుండా బయటికి రాగలిగిన మొదటి ఆదివారం, ఇంకా పడవల అద్దె బేరాలు మొదలు కాకముందే, ఇంటిల్లిపాదీ చెక్క పడవ ఎక్కుతారు. చెప్పులు ఒడ్డునే ఉంటాయి. పడవ కారుతోందో లేదో అరికాళ్ళతో చూస్తారు.

కళ్ళు మోసపోతాయి... రంగు మెరిసినా నీరే అనిపిస్తుంది. చేతులు పని చేసి చేసి మొద్దుబారతాయి. చలికాలమంతా మేజోళ్ళలో దాక్కున్న అరికాలికి మాత్రం చుక్క తగిలినా తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళు "తడి" అనాలి. ఆ మాట వినగానే తెడ్లు ఆగుతాయి.

"కారుతుందో లేదో చూడ్డానికి కుటుంబాన్నంతా ఎక్కించుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా," అంది వదిన, అంటే ఆయన అక్క. పడవ వెనక చెక్క మీద సర్దుకుని కూర్చుని, ఒళ్ళో కమలాపళ్ళ సంచి పెట్టుకుంది.

"ఖాళీ పడవ అబద్ధం చెబుతుందక్కా. బరువు పడితేనే నిజం కక్కుతుంది."

"బరువంటే నేనేగా. అనెయ్, పరవాలేదు."

ఆయన నవ్వి తెడ్డు వేశాడు. ఒడ్డు మెల్లగా వెనక్కి జరిగింది.

ఆమెకు ఇది మొదటి చుట్టు.

ఆమె కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు సానపట్టే మనిషి. సరస్సులో పడవలు అద్దెకిచ్చే ఈయన్ని చేసుకుని, చలి మొదలయ్యే రోజుల్లో ఈ ఇంటికి వచ్చింది. ఆయనకు ఒక కూతురు ఉంది. అందరూ పిట్ట అంటారు. పిట్ట పడవ ముందు కొసన కూర్చుంది, ఆమెకు ఎదురుగా, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని.

చలికాలమంతా పిట్ట ఆమెను ఏమనీ పిలవలేదు.

పిన్ని అని పిలవమని వదిన చెప్పి చూసింది. పిట్ట ఊఁ అంది. ఆ తర్వాత కూడా "అన్నం పెట్టాలి" అని గోడతో అనేది. "తలుపు గొళ్ళెం పడట్లేదు" అని తలుపుతోనే అనేది. మర్యాద ఎక్కడా తప్పలేదు. అలిగి బుంగమూతి పెట్టిందీ లేదు. పిలుపు ఒక్కటి తప్ప అన్నీ ఉండేవి. ఆమె కూడా పట్టీపట్టనట్టే ఉండిపోయింది. అడిగి పిలిపించుకుంటే ఏం బాగుంటుంది...

మొదటి భార్య చనిపోలేదు. వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో ఉంటుంది, ఫోన్ చేస్తుంది, పిట్టతో గలగలా మాట్లాడుతుంది. చనిపోయిన మనిషి గురించైతే ఇంట్లో నాలుగు మంచి మాటలు అనుకుంటారు. వెళ్ళిపోయిన మనిషి గురించి ఎవరూ ఏమీ అనరు.

ఈ పడవ ఆవిడ పుట్టింటిది. అరికాళ్ళ పద్ధతి కూడా పడవతో పాటే ఈ ఇంటికి వచ్చింది. అంచు వెంబడి ఆ ఆకుపచ్చ గీత ఆవిడ వేసిందే, మధ్యలో కొంచెం వంకర పోయింది. అతుకుల్లో నూలు దూర్చి తారు పూసింది కూడా ఆవిడే. ఆయన దీనికి రంగు వెయ్యడు, తారు పుయ్యడు. మిగతావన్నీ ఫైబర్ పడవలు, వాటికి ఆ బాధ లేదు.

చలికాలంలో ఒకరోజు భోజనాల దగ్గర ఆయన అన్నాడు, "ఈసారి కారిందంటే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేస్తాను."

కోపంగా అనలేదు. ఉప్పు అందుకుంటూ అన్నాడు.

పిట్ట తింటున్న ముద్ద అలాగే చేతిలో ఉండిపోయింది. ఆ రోజు నుంచి పిట్టకు ఈ ఆదివారం అంటే భయం.

ఆ ఆదివారం ఇదే.

సరస్సు బాగుంది. అనవసరంగా మాటలు పెంచి చెప్పాల్సిందేమీ లేదు, బాగుంది. ఒడ్డున మొండిచెట్లకు చిగుళ్ళు పొడుచుకొస్తున్నాయి. తెల్ల కొంగ ఒకటి నీళ్ళలో నిలబడి తనకేమీ సంబంధం లేనట్టు చూస్తోంది. గడ్డిలో ఎవరివో పిల్లలు బంతి తన్నుతున్నారు, ఎవరిదో కుక్క బంతి తనదే అనుకుంటోంది. నీళ్ళ మీదుగా వాళ్ళ అరుపులు ఆలస్యంగా వచ్చి చేరుతున్నాయి.

వదిన శాలువా తీసేసింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆమె జుట్టు ముడి విప్పి మళ్ళీ చుట్టుకుంది. వెచ్చగా ఉంది... ఒంట్లో బిగుసుకుపోయి ఉన్నదేదో వదులవుతోంది. ఇల్లూ కొట్టూ, కొట్టూ ఇల్లూగా గడిచిన చలికాలం తర్వాత ఆమెకు ఏ పనీ లేకుండా కూర్చోవడం కొత్తగా ఉంది. సంతోషంగానే ఉంది.

"తడి?" అని అడిగాడు ఆయన. ఒడ్డు వెంబడి సగం చుట్టు అయింది.

లేదు, అంది వదిన. లేదు, అంది ఆమె. పిట్ట లేదన్నట్టు తల ఊపింది.

వదిన కమలాపండు ఒలిచి తొనలు పంచింది. తొక్క ఘాటు గాల్లో నిలిచింది. ఆయన ఏదో కూని రాగం తీశాడు.

"విన్నావా అమ్మాయ్," అంది వదిన ఆమెతో. "వీడు రాగం తీసి ఎన్నాళ్ళైందో. ఎండ తగిలితే బల్లులు కూడా బయటికొస్తాయిలే."

ఆయన ఇంకా గట్టిగా పాడాడు. పడవ సరస్సు నడిమికి తిరిగింది.

అప్పుడు తెలిసింది.

ఎడమ అరికాలి కింద, రెండు చెక్కలు కలిసే చోట... చొక్కా గుండీ అంత చల్లదనం. చెక్క చలువ కాదు అది. చెక్క చలువ కదలదు. ఇది కదులుతోంది.

చెమటేమో అనుకుంది. చెమట కాదని ఆమెకూ తెలుసు.

తలెత్తింది. పిట్ట ఆమె పాదం వంకే చూస్తోంది. అదే అతుకు మీద, అవతలి కొసన, పిట్ట కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పిట్టకు ముందే తెలిసింది. ఎప్పుడు తెలిసిందో... బహుశా తల ఊపినప్పుడే.

పిట్ట తల అడ్డంగా కదిలించింది. చాలా కొంచెం.

వద్దు.

చలికాలమంతా ఈ పిల్ల ఆమెను ఏదీ అడగలేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు. మొదటిసారి అడిగింది.

"తడి?" అన్నాడు ఆయన.

"నా అరికాళ్ళకి చెప్పులే అక్కర్లేదు, ఇంక తడేం తెలుస్తుంది," అంది వదిన.

"లేదు నాన్నా," అంది పిట్ట.

"లేదు," అంది ఆమె.

ఒక్క మాట. ఇంత చిన్న మాటకు ఇంత లాభం ఉంటుందని ఆమె అనుకోలేదు. పిట్ట ఆమెను చూసి నవ్వలేదు. సరస్సును చూసి నవ్వింది. ఎవరి కోసమో ఇద్దరికీ తెలుసు.

పిట్ట మెడలో స్కార్ఫ్ తీసి అతుకు మీద జారవిడిచింది.

"ఏమ్మా పిట్టా, చలి పోయిందా?" అంది వదిన.

"పోయిందత్తా."

ఆమె తన పాదం జరిపి స్కార్ఫ్ మీద పెట్టింది. పిట్ట పాదం పక్కనే ఉంది. రెండు పాదాలు, ఒక తప్పు. ఆమెకు ఒళ్ళంతా తేలికైంది. ఈ ఇంటికి వచ్చాక ఇంత దగ్గరగా ఎవరితోనూ కూర్చోలేదు, భర్తతో కూడా. నిజం అదే.

తెడ్లు పడుతున్నాయి. లేస్తున్నాయి. పడుతున్నాయి.

స్కార్ఫ్ రంగు ముదురుతోంది.

మొదట అంచు. తర్వాత మడత. తర్వాత వేళ్ళ సందుల్లోకి నీళ్ళు వచ్చాయి.

ఆమెకు ఈత రాదు. వదినకు రాదు. ఆయనకు వచ్చు, పిట్టకు నీళ్ళంటే నేల కిందే లెక్క. అందుకే పిట్టకు భయం లేదు. అద్దెకు తీసుకునేవాళ్ళ కోసం కొన్న లైఫ్ జాకెట్లు షెడ్డులో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఇంటివాళ్ళు ఎప్పుడూ తొడుక్కోరు. మన సరస్సే కదా అంటారు.

ఒడ్డు మీద పిల్లలు చిన్నగా కనిపిస్తున్నారు. కుక్క అసలు కనిపించడం లేదు.

"అవతలి రెల్లుదాకా పోదామా?" అన్నాడు ఆయన. ఊపిరి నిండా ఉత్సాహం. "బాతులు గుడ్లు పెట్టే చోటు చూపిస్తాను."

"పోదాం నాన్నా," అంది పిట్ట.

వదిన సంచిలో ఇంకో పండు కోసం వెతుకుతోంది. ఆవిడ పాదాలు నీళ్ళకు ఇంకా కొంచెం ఎడంగా ఉన్నాయి. కొంచెమే.

ఆమె పడవ అంచు పట్టుకుంది.

చెబితే పడవ పొయ్యిలోకి పోతుంది. పిట్ట మళ్ళీ గోడతో మాట్లాడుతుంది, ఇంకెప్పటికీ గోడతోనే. చెప్పకపోతే... కమలాపండు ఒలిచి ఆమెకు పెద్ద తొన ఇచ్చిన మనిషి అక్కడ కూర్చుని ఉంది.

పిట్ట కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. వద్దు. వద్దు. వద్దు.

"తడి," అంది ఆమె.

గట్టిగా అనలేదు. అయినా తెడ్లు ఆగాయి.

రాగం ఆగింది. నీళ్ళు పడవ చెక్కను తడుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆయన వంగి స్కార్ఫ్ ఎత్తాడు. అది ధారగా కారింది. స్కార్ఫ్ వంక చూశాడు, కూతురి వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"ఎప్పట్నుంచి?"

పిట్ట మొహం తిప్పేసుకుంది.

"ఇప్పుడే," అంది ఆమె. "ఇప్పుడే తెలిసింది."

ఆయన నమ్మలేదు. నమ్మినట్టు తెడ్డు తిప్పాడు. వదిన తిట్టుకుంటూనే సంచిలోంచి గిన్నె తీసి నీళ్ళు తోడసాగింది. "నాకు ముందే తెలుసు, నాకు ముందే తెలుసు," అంటూ. ఆవిడకు ఏమీ తెలియదు. పిట్ట చేతులు ముడుచుకుని కూర్చుంది, తోడలేదు. ఒడ్డు చేరేదాకా ఆయన తెడ్లు ఆపలేదు.

గడ్డిలో పడవను బోర్లించారు. ఆయన బొటనవేలితో అతుకు వెంబడి తడిమాడు. ఎండిన తారు పెచ్చులుగా ఊడి గడ్డిలో రాలింది. షెడ్డులోకి వెళ్ళి గొడ్డలి తెచ్చాడు.

తెచ్చాడు గానీ ఎత్తలేదు.

పిట్ట ఆకుపచ్చ గీత దగ్గర నిలబడింది. ఏడవడం లేదు. వంకర పోయిన చోట వేలు పెట్టి ఉంచింది, అంతే.

వదిన మొహం పక్కకు తిప్పుకుని సంచి సర్దుకుంటోంది. ఆయన గొడ్డలిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నువ్వేమంటావ్?"

ఈ ఇంట్లో ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకూ. అడిగిన చోటు ఇదా అనిపించింది.

ఆ పడవ పోతే ఆమెకు హాయిగా ఉంటుంది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. నడిమి చెక్క మీద ఇంకొకరు కూర్చుని కూర్చుని అరిగిన చోటు ఉంది, పొద్దున ఆమె అందులోనే కూర్చుంది. షెడ్డులో ఖాళీ చోటు మిగులుతుంది. ఆయన చేతిలో గొడ్డలి ఉంది. ఆమె ఊఁ అంటే చాలు.

పిట్ట వేలు గీత మీద ఆగిపోయింది.

"తారు ఎక్కడ దొరుకుతుంది?" అంది ఆమె.

ఆయనకు తెలియదు. ఎప్పుడూ తెలుసుకోలేదు.

గాలి వీచింది. చిగుళ్ళ వాసన వచ్చింది, తడి మట్టి వాసన వచ్చింది. బంతి వెంట ఒక పిల్లాడు వాళ్ళ దాకా పరిగెత్తుకొచ్చి, పెద్దవాళ్ళ మొహాలు చూసి, బంతి తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

"షెడ్డులో ఉంది," అంది పిట్ట. "డబ్బా అడుగున గడ్డకట్టుకుని ఉంటుంది. కాచాలి."

తర్వాత అంది, "ముందు పాతదంతా గీకెయ్యాలి."

పడవతో అందో, తండ్రితో అందో, ఆమెతోనే అందో తెలియలేదు. పిలుపు లేదు కదా.

ఆమె వెళ్ళి పడవకు ఇవతల మోకాళ్ళ మీద కూర్చుంది. గోటితో ఒక పెచ్చు లేపింది. పిట్ట అవతలే ఉంది, రాలేదు, పోలేదు. ఆయన గొడ్డలి ఇంకా కింద పెట్టలేదు.

ఎండ బాగా వచ్చింది.

చెప్పులు వేసుకోవడం ఎవరికీ గుర్తు రాలేదు. గడ్డి చల్లగా ఉంది.