ఏడుగురి లెక్క

“ఊరికే కూర్చుందువుగాని, రా,” అన్నాడు మా ఆయన. ఆ ఊరికే కూర్చోవడం కోసం తెల్లవారకముందే లేచి ఏడుగురికి భోజనం డబ్బాలు సర్దాను. గాలివానకు అడవిలో కూలిన చెట్లను స్వచ్ఛందంగా తొలగించే జట్టుకు ఆయనే నాయకుడు. మరిది కూడా జట్టులో ఉన్నాడు కాబట్టి తోడికోడలూ వచ్చింది, నాలాగే ఊరికే కూర్చోవడానికి.

“ఆ చెట్టు మొదట్లో గుంటలో గొడ్డలి మర్చిపోయాను, పట్రా,” అన్నాడు మా ఆయన, అడవిలోకి చేరాక.

చెట్టు వేళ్లతో సహా పెకలి పడి ఉంది. వేళ్లకు పట్టిన మట్టి గోడలా నిలబడి ఉంది. దాని కింద నిలువులోతు గుంట. దిగి బురదలో తడుముతుంటే పైన లెక్క మొదలైంది. రంపం వేసేముందు ఒక్కొక్కరూ తమ అంకె చెప్పాలి. ఒకటి నుంచి ఏడు దాకా వినిపించింది.

“అందరూ ఉన్నారు!” అన్నాడాయన.

నాకు అంకె లేదు. నేను జట్టులో మనిషిని కాను, నాయకుడి భార్యను.

రంపం మోగింది. ఆయన చుట్టాలకు ఎన్నిసార్లో వివరించగా, వడ్డిస్తూ విన్న సంగతి గుర్తొచ్చింది. మాను తెగి బరువు తగ్గగానే వేళ్ల గోడ వెనక్కి వాలి, పెట్టె మూత పడ్డట్టు గుంటలోకే పడుతుంది. “ఏమండీ!” అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. “మా పెద్దకోడలికి నోట్లో నాలుకే లేదు” అని అత్తగారు పదిమందిలో మురిసిపోయేది. పన్నెండేళ్లు వాడని గొంతు రంపాన్ని దాటి ఎలా లేస్తుంది? మెడ మీద మట్టి రాలింది. తల మీద ఏదో వేరు కిర్రుమంది. గోళ్లతో గట్టును పట్టుకున్నాను, జారాను, మళ్లీ పట్టుకున్నాను. మోకాలు అంచుకు చేరింది. వెనక నేల దద్దరిల్లింది.

తిరిగి చూస్తే గుంట లేదు.

“వదినా, పాతాళం చూసొచ్చావా?” మరిది నవ్వబోయి ఆగిపోయాడు.

మా ఆయన మొహం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. “చెప్పకుండా ఎందుకు దిగావు?”

“మీరే కదండీ గొడ్డలి తెమ్మన్నారు.”

“అయితే? నోరు లేదూ? అరవలేవూ?”

చప్పుడు విని అటవీ శాఖ గార్డు పరుగెత్తుకొస్తున్నాడు. మా ఆయన నన్ను కారులోకి నెట్టాడు. “గుంటలో మనిషి ఉందని తెలిస్తే జట్టునే రద్దు చేస్తారు. కిక్కురుమనకు.”

అద్దం సందులోంచి వినిపిస్తోంది.

“గుంటలో ఎవరైనా ఉన్నారా సార్?” గార్డు అడిగాడు.

“ఛ, ఎవరూ లేరండీ. ఏడుగురం. లెక్క సరిపోయింది.”

“సరే, ఆ రెండో చెట్టు కూడా కానిచ్చేయండి.”

ఇప్పుడు కారు దిగి నోరు విప్పితే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన నెలల తరబడి మాట్లాడకుండా, నన్ను చూడకుండా, నేను పెట్టిన అన్నం తిని లేచిపోగలడు. ఆ మౌనంలో నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చేది. గుంట కన్నా దానికే ఎక్కువ భయపడ్డాను, ఈ క్షణం దాకా.

“ఏమోయ్, ఆ గుంటలో తాడుంది, తెచ్చెయ్,” అని మరిది కేకేశాడు. తోడికోడలు పరుగున వెళ్లి రెండో చెట్టు వేళ్ల వెనక దిగింది. అతను అప్పటికే ఎవరితోనో మాటల్లో పడ్డాడు. మా ఆయన చెవి తొడుగులు సర్దుకుని రంపం అందుకున్నాడు.

“ఒకటి.”

“రెండు.”

“మూడు.”

కారు తలుపు తీశాను. మా ఆయన చూశాడు, వేలు చూపించాడు. ఆ వేలి ముందునుంచే నడిచి, గార్డు చొక్కా పట్టుకుని, గొంతు చిరిగేలా అరిచాను.

“ఆపించండి సార్! ఆ గుంటలో మనిషి ఉంది. ఇందాకటి గుంటలో నేనున్నాను.”